హెర్బర్ట్ నిద్రపోయే ఫ్రిజ్

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన డోరీన్ కోటు కూడా విప్పలేదు. చేతికర్ర టకటకలాడించుకుంటూ నేరుగా గరాజ్‌లోకి నడిచింది.

"కాస్త టీ తాగి వెళ్లు డోరీ. వాడెక్కడికీ పారిపోడు" అంటూ మొగుడు క్లిఫ్ వెనకాలే నసుగుతూ వచ్చాడు.

వాడంటే హెర్బర్ట్. డోరీన్‌కి ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న బార్న్స్లీ సంతలో కొనిచ్చిన తాబేలు. ఇప్పుడామెకు అరవై తొమ్మిది. నాన్న ఎప్పుడో పోయాడు గానీ, హెర్బర్ట్ మాత్రం ఏటా నవంబరులో చలికాలపు నిద్రలోకి జారి, మార్చిలో లేచి దోసకాయ ముక్క కోసం ఆమె వంక చూస్తూనే ఉన్నాడు. ఆ నిద్రకు చలి నిలకడగా ఉండాలి కాబట్టి వాడి కోసమే గరాజ్‌లో ఒక పాత ఫ్రిజ్ ఉంది. అది అయిదు డిగ్రీల దగ్గర నిలబడాలి. చల్లదనం కదలకుండా అరల్లో నీళ్ల సీసాలు పెట్టాలి. లోపల గాలి ఆడేందుకు రోజుకోసారి తలుపు తియ్యాలి. మరే వస్తువూ అందులోకి రాకూడదు, ముఖ్యంగా క్లిఫ్ బీరు. ఆ బీరు మీద ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా యుద్ధం.

మంచు మీద జారి తుంటి విరిగిన రోజున కూడా ఆమె స్ట్రెచర్ మీంచే అరిచింది. "రోజూ తలుపు తియ్యి! తీసి కాగితం మీద టిక్కు పెట్టు!"

ఫోన్ చేసినప్పుడల్లా క్లిఫ్, "ఆఁ, తీస్తున్నా, తీస్తున్నా" అనేవాడు. ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు అన్నాడంటే ఆ పని అయిన పాపాన పోదని ఆమెకు నలభై ఏళ్ల అనుభవం. ఆసుపత్రి మంచం మీద కంటిమీద కునుకు లేదు.

ఇప్పుడు చూస్తే ఫ్రిజ్ తలుపు మీది కాగితంలో ఆమె లేని పన్నెండు రోజుల గళ్లూ ఖాళీ.

"చంపేశావయ్యా నా హెర్బర్ట్‌ని!"

"అయ్యో, టిక్కు మర్చిపోయానే గానీ..."

ఆమె వినలేదు. తలుపు లాగి, పై అరలో వాడు పడుకున్న పెట్టె మూత తీసి, కాగితం ముక్కల మధ్య వేలు పెట్టి వెనక కాలు తాకింది. చలనం లేదు. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు ఆ కాలు, మహా బద్ధకంగా, లోపలికి ముడుచుకుంది.

డోరీన్ పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడింది. పెట్టె గలగలమంది. వంగి చూస్తే అందులో అన్నీ ఖాళీ బీరు సీసాలే. ఫ్రిజ్ కింది అరలోనూ నీళ్ల సీసాల మధ్య ఆరు నిండు సీసాలు బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"రోజుకెన్ని?"

"ఒకటే. ఆదివారం రెండు."

"అంటే రోజూ తలుపు తీశావన్నమాట."

"రోజుకి నాలుగైదుసార్లు." క్లిఫ్ చెవి గోక్కున్నాడు. "నువ్వు లేని ఇంట్లో కూర్చోలేకపోయానే. ఇక్కడికొచ్చి నీ కబుర్లన్నీ వీడికి చెప్పేవాణ్ణి. ఎంతైనా నాకంటే ముందునుంచీ నిన్నెరిగినవాడు కదా."

డోరీన్‌కి కళ్లు చెమర్చాయి. అది అతనికి కనబడకుండా పెన్ను తీసి పన్నెండు గళ్లలోనూ టిక్కులు పెట్టింది.

"కింది అర నీది. పై అర జోలికొచ్చావో, నిన్నూ ఇందులోనే పడుకోబెడతా."

"అలాగే, అలాగే" అన్నాడు క్లిఫ్.

రెండుసార్లు అన్నాడు. అయినా ఆమె ఈసారి ఆ మాట నమ్మి, ఫ్రిజ్ తలుపు మూసింది.