తగ్గలేదు

ఆశాజ్యోతి మూకుట్లో గారెలు వేస్తుండగా భర్త మహేంద్ర వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆశా, వాళ్ళు వచ్చేస్తున్నారు. మొహం కాస్త సరిచేసుకో" అన్నాడు.

ఆశాజ్యోతి చేతిలోని గారె నూనెలోకి జారవిడిచి, మొహం సరిచేసుకుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పనే. కనుబొమలు కొంచెం పైకి, పళ్ళు కనపడీ కనపడకుండా నవ్వు, ఎదుటివాళ్ళ కళ్ళలోకి మరీ ఎక్కువసేపు కాకుండా, మరీ తక్కువా కాకుండా చూపు. పొయ్యి మీది ఫ్యాన్ హోరు చెవుల్లోంచి దవడల్లోకి దిగి నొప్పి పెడుతోంది. ఆపేస్తే పొగకి అలారం మోగుతుంది. హాల్లో అత్తగారు కామేశ్వరమ్మ టీవీ, దాని పైన మహేంద్ర ఫోన్లో నవ్వు. కొడుకు గౌతమ్ పై గదిలో తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాడు. వాడు అలా ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

నిజానికి ఈ భోజనాలు ఆశ కోసమే. ఆమెకి డిప్రెషన్ తగ్గిందని, ఆ సంతోషంలో నలుగురినీ పిలుద్దామని మహేంద్ర అన్నాడు. ఆ నలుగురికీ వండడం మాత్రం ఆమె వంతు.

క్రితం ఏడాది చలికాలంలో ఒక ఉదయం ఫ్లాట్ బుష్‌లోని ఇంటి నుంచి మోటర్‌వే మీద ఆఫీసుకి వెళ్ళి, కారు పార్క్ చేసి, దిగలేకపోయింది. సీటు బెల్టు తీయాలని తెలుసు, చెయ్యి లేవలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. పనిలో వంక లేదని, టీమ్‌తో ఇంకాస్త చనువుగా, నవ్వుతూ ఉండాలని ఆ వారమే మేనేజరు చెప్పాడు. ఆ రోజు మహేంద్రే వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత డాక్టర్లు. డిప్రెషన్ అన్నారు. దాని అడుగున పుట్టుకతోనే ఉన్న ఆటిజం అన్నారు. "ఇన్నేళ్ళూ అందరిలా కనబడడానికి మీరు చేసిన శ్రమ ఉంది చూశారూ, అదే మిమ్మల్ని కూలదోసింది" అంది ఆటిజం తేల్చిన స్పెషలిస్టు. శ్రమ అన్న మాటకి ఆశ ఏడ్చింది. అంతకుముందు దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పొగరన్నారు, కలుపుగోలుతనం లేదన్నారు.

"ఆటిజం చిన్నపిల్లలకి కదా వచ్చేది? ఉద్యోగం చేస్తున్నావు, డ్రైవ్ చేస్తున్నావు, నీకేంటి?" అన్నాడు మహేంద్ర. "మా ఇంటా వంటా లేదమ్మా ఇలాంటిది" అంది కామేశ్వరమ్మ, కోడలు ఆ ఇంట పుట్టలేదన్న సంగతి మరిచిపోయి. అయినా మహేంద్ర చెడ్డవాడు కాదు. మౌంట్ ఆల్బర్ట్‌లో ఫియోనా అనే టాక్ థెరపిస్టుని వెతికింది అతనే. మొదటిసారి వెంట వచ్చి బయట వానలో, కారులో కూర్చున్నాడు. "అన్నీ ఓపెన్‌గా మాట్లాడెయ్. త్వరగా సెటిల్ అయిపోతావు" అన్నాడు.

ఫియోనా మంచి మనిషి. మెత్తటి గొంతు. ఆమె గదిలో నిమ్మగడ్డి వాసన వేసే కొవ్వొత్తి వెలుగుతూ ఉండేది. ఆ వాసన ఆశకి పడేది కాదు. పడదని చెప్పలేదు. "ఆ దుఃఖం మీ శరీరంలో ఎక్కడ తెలుస్తోంది?" అని ఫియోనా అడిగేది. ఎక్కడా తెలియడం లేదు. దుఃఖం కూడా రెండు రోజులు ఆలస్యంగా, పేరు లేకుండా వచ్చేది ఆమెకి. తెలియదంటే ఫియోనా కళ్ళలో ఏదో వాడిపోయేది. ఆ వాడిపోవడాన్ని చూడడం ఆశకి బాగా తెలుసు, తల్లి దగ్గరా, మొగుడి దగ్గరా చూసి చూసి. అందుకని మరుసటిసారి, "గుండె దగ్గర" అంది. ఫియోనా మొహం వెలిగింది.

ఇంకోసారి, "నన్నెవరూ దగ్గరికి రానివ్వరు" అని ఆశ అంటే, "ఆ ఆలోచనకి సాక్ష్యం ఉందా?" అని అడిగింది ఫియోనా. సాక్ష్యం ఉంది. తెలుగు ఆడవాళ్ళంతా కలిసి బీచ్‌కి వెళ్ళి ఫోటోలు పెట్టారు, ఆమెకి ఒక్కరూ చెప్పలేదు. కానీ ఆ ప్రశ్నకి కావలసిన జవాబు అది కాదని అప్పటికే నేర్చుకుంది. "బహుశా వాళ్ళు మర్చిపోయి ఉంటారు" అంది. "చూశారా, మీరే ఇంకో కోణం కనుక్కున్నారు" అని ఫియోనా మురిసిపోయింది.

అలా ఆ గది కూడా ఇంకో హాలైపోయింది, ఫియోనా ఇంకో అతిథి. వెళ్ళేముందు కారులో కూర్చుని ఏం చెప్పాలో పెదాలతో పలికి చూసుకునేది. అయ్యాక కారు వెనక సీట్లో జాకెట్ కప్పుకుని, మాట పెగిలేదాకా పడుకుని, కూరలు కొనుక్కుని ఇంటికి వచ్చి కుక్కర్ పెట్టేది. చివరికి ఫియోనా, "మీ ప్రగతి అద్భుతం. ఇక మీరు నా దగ్గరికి రానక్కర్లేదు" అంది. ఆశ థాంక్స్ చెప్పింది. ఆ సాయంత్రం మోటర్‌వే మీద పక్క లేన్‌లో పోతున్న లారీ కేసి ఎంతసేపు చూసిందో ఎవరికీ చెప్పలేదు.

భోజనాలయ్యాయి. మగవాళ్ళు ఇళ్ళ ధరల్లో పడ్డారు. ఊరికి అటు చివరనున్న హెండర్సన్ నుంచి వచ్చిన లక్ష్మీబాయి ఆంటీ ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చి, సింకు పక్కన నిలబడింది. ఎప్పుడూ పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి, గొంతు తగ్గించింది.

"నీతో ఒక మాటమ్మా. మా అమ్మాయి కీర్తనకీ అదే అన్నారు, ఆటిజమని. పెద్ద చదువు చదివి ఉద్యోగంలో చేరాక ఇప్పుడు. జాబ్ మానేసి గదిలోంచి రావట్లేదు. టాక్ థెరపీకి పంపిస్తున్నాం. అక్కడికెళ్ళొచ్చిన రోజు అన్నమే ముట్టదు. నీకు తగ్గిపోయిందని మహేంద్ర చెప్పాడు. నువ్వెలా చేశావో చెప్పు. ఆశక్కకి తగ్గింది, నువ్వే గట్టిగా ట్రై చేయట్లేదని దానితో చెప్తాను."

ఆశ కుళాయి కట్టేసింది. మొహంతో ఎన్ని అబద్ధాలైనా ఆడగలదు. ముందు పలికి చూసుకునే వీలు లేకుండా, సూటిగా అడిగిన ప్రశ్నకి నోటితో అబద్ధమాడడం ఆమెకి కష్టం. పైగా కనపడని ఆ పిల్ల, తలుపు వేసి ఉన్న ఆ గది కళ్ళ ముందుకి వచ్చాయి.

"తగ్గలేదు ఆంటీ."

"ఏంటమ్మా?"

"నాకు తగ్గలేదు. ఏం చెప్తే మా థెరపిస్టు సంతోషిస్తుందో నేర్చుకుని అది చెప్పాను. తగ్గిందనుకున్నారు. కీర్తనకి నన్ను ఉదాహరణగా చూపించకండి. ట్రై చేయట్లేదని మాత్రం అనకండి. బయటంతా ట్రై చేసి చేసి, అక్కడా చేయాల్సొస్తోందేమో."

లక్ష్మీబాయి స్టూలు మీద కూలబడింది. "మరి నన్నేం చేయమంటావు?"

"మాట్లాడమని అడక్కండి. పక్కన ఊరికే కూర్చోండి. నోటితో చెప్పలేకపోతే రాసివ్వొచ్చా అని ఆ థెరపిస్టుని అడగండి. నేను అడగలేదు. అడగొచ్చని నాకు తెలీలేదు."

ఆంటీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, గుమ్మంలో మంచినీళ్ళ జగ్గు పట్టుకుని మహేంద్ర ఉన్నాడు. విన్నాడు.

అందరూ వెళ్ళేదాకా ఆగాడు. "ఇన్నాళ్ళూ నాకు అబద్ధం చెప్పావా?"

"నువ్వు ఎలా ఉన్నావని అడగలేదు మహీ. బాగున్నావు కదా అని అడిగావు."

"నీకోసం ఎంత తిరిగాను. ఆవిడ దగ్గరైనా నిజం చెప్పొచ్చుగా?"

ఆ మాట న్యాయమే అనిపించింది ఆశకి. సోఫాలోంచి కామేశ్వరమ్మ అంది: "ఆడదన్నాక నలుగురిలో నవ్వుతూ ఉండాలమ్మా. మేం మాత్రం అలసిపోలేదూ?" ఆశ ఆవిడ వైపు చూసింది. ఆవిడ అప్పటికే టీవీ వైపు తిరిగింది. మహేంద్ర తడి ప్లేట్లు తుడవడం మొదలుపెట్టాడు, పెద్ద చప్పుడు చేస్తూ.

సోమవారం ఆశ, మళ్ళీ ఒకసారి వస్తానని ఫియోనాకి మెసేజ్ పెట్టింది. కొవ్వొత్తి వెలిగించవద్దని కూడా రాసింది. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఆఫీసులో మధ్యాహ్నం భోజన విరామమంతా పట్టింది.

ఆమె వెళ్ళేసరికి ఫియోనా గదిలో కొవ్వొత్తి లేదు. ఆశ కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది. బయట సన్నటి జల్లు, తడిసిన కంచె. కంచెనే చూస్తూ అంతా చెప్పింది: పెదాలతో పలికి చూసుకున్న జవాబులు, వెనక సీటు, లారీ. నవ్వకుండా, ముక్కలు ముక్కలుగా, మధ్యలో చాలాసేపు ఆగుతూ. లారీ దగ్గర ఫియోనా ఆపింది. ఇప్పుడూ ఆ ఆలోచన ఉందా అని సూటిగా అడిగింది. ఈ వారం రాలేదని, మళ్ళీ వస్తే ఫోన్ చేస్తానని ఆశ చెప్పింది. అది నిజమే.

ఫియోనా చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"నాకు తెలియనే లేదు. మీరొచ్చే రోజంటే నాకిష్టంగా ఉండేది. మీతో మాట్లాడుతుంటే ఎంతో హాయిగా ఉండేది."

"అవును" అంది ఆశ, కంచె మీంచి చూపు తిప్పకుండా. "మిమ్మల్ని హాయిగా ఉంచడానికే నేను వచ్చేదాన్ని."

వెనక ఫియోనా ఏడుస్తోందేమో, తెలియదు. తిరిగి చూసి సముదాయించాలన్న కోరిక మెడ దాకా వచ్చింది. ఆశ తిరగలేదు.