గోతిలోకి ఇంటికొకరు

"మధ్యాహ్నం దాటింది, ఇంకా దంచుతూనే ఉన్నావా?" గడప మీద కూచుని సణిగాడు బిసిమ్వా.

అతని పెళ్లాం ఫైదా రోకటి పోటు ఆపలేదు. పెళ్లయిన పన్నెండేళ్లుగా ఆమె చేతులకి దంచడమే పని. పోయినేటిదాకా పగలు కొండ కింద తగరపు రాయి, ఇంటికొచ్చాక కూరకి కర్రపెండలం ఆకు. రాయి తవ్వే మగాళ్లకి కూలి ఇచ్చేవాళ్లు. దంచిపెట్టే పెళ్లానికి మాత్రం "నీ మొగుడి రాయే కదమ్మా!" అన్న మాటొకటి. పైగా గోతి దరిదాపులకి పోకూడదు. "ఆడదాని గాలి తగిలితే రాయి భూమిలోకి పారిపోతుందే," అని కాపురానికొచ్చిన వారానికే అత్తగారు హెచ్చరించింది. ఒకసారి తినడానికి ఫూఫూ ముద్దల మూట అందిద్దామని నాలుగడుగులు ముందుకేస్తే, బిసిమ్వా అందరి ముందూ చెంప పగలగొట్టాడు.

పోయినేడు రాజధాని నుంచి హుకుం వచ్చింది. అడవిలో ఉండి రాయి మీద వాటా గుంజే తుపాకుల వాళ్లకి డబ్బు ముట్టకూడదట, అందుకని ఈ కొండ రాయి ఎవరూ కొనకూడదట. కొనేవాళ్లు పోయారు. వాళ్లతోపాటే లారీలూ, లారీల్లో వచ్చే ఉప్పూ, సబ్బూ, జ్వరం మందులూ పోయాయి. తుపాకుల వాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఖాళీ అయిన కొండెక్కి కూచుని, రాయిని సరిహద్దు దాటించి హాయిగా అమ్ముకుంటున్నారు. ఆహా, ఏం తెలివి! కడుపు మాడింది ఊరికి.

ఇవాళ పొద్దున వాళ్ల మనిషి ఇంటింటికీ తిరిగాడు. రేపట్నుంచి ఇంటికొకరు గోతిలోకి దిగాలి. వానలకి గోతి గోడలు నానిపోయి ఉన్నాయి. మొన్న దిగిన ఇద్దరూ పైకి రాలేదు.

"నే దిగితే ఇంక వదలరే, తుపాకీ చేతికిచ్చి అడవికి తోలుకుపోతారు," అన్నాడు బిసిమ్వా గొంతు తగ్గించి. "ఆడమనిషైనా పర్లేదన్నారు. నువ్వు దిగు. భయమైతే మన అషూజాని పంపుదాం. పదకొండేళ్ల పిల్ల, సన్నగా ఉంటుంది, ఎంత ఇరుకులోనైనా ఇట్టే పడుతుంది."

రోకలి ఆగిపోయింది.

"మరి మా గాలి తగిలితే రాయి పారిపోదూ?"

"ఇప్పుడవన్నీ ఎందుకే! పాతకాలం మాటలు."

ఫైదాకి ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్లు తన ఒంట్లోనే ఏదో పాపముందనుకుని ఆ కొండకి దూరంగా ఒదిగి ఒదిగి నడిచింది. డబ్బున్నన్నాళ్లూ ఆ గొయ్యి మగాళ్లది. చావొచ్చి కూచున్నాక తనదీ, తన కూతురిదీ అయింది.

ఆకు రోట్లోనే వదిలేసి లేచింది. రెండు గుడ్డలు బుట్టలో పడేసింది. సంతకెళ్లే ఆడవాళ్లని దారిలో పెద్దగా ఆపరు. ఆపితే అప్పుడు చూసుకోవచ్చు.

"ఎక్కడికే?"

"సరస్సు ఒడ్డుకి, మా అక్క దగ్గరికి."

బిసిమ్వా గబుక్కున లేచి నిలబడ్డాడు. "మరి రేపు వాళ్లొస్తే నేనేం చెప్పను?"

ఫైదా బుట్ట నెత్తినెత్తుకుని, అషూజా చెయ్యి పట్టుకుంది.

"ఈ ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరని చెప్పు, అషూజా నాన్నా."