పేడనీళ్ళ కుండ

విత్తులకి ముందు మన్యం ఊళ్ళు చేసుకునే ఇటుకల పండుగనాడు వేటకెళ్ళినవాడు వట్టి చేతులతో వస్తే, వరసైన ఆడవాళ్ళు ఊరిమొదట కాచి పేడనీళ్ళు కుమ్మరిస్తారు, నోరారా తిడతారు. వేట నెత్తురు లేని ఏడు, అలా తడిసినవాడే కోడిని కోసి, పొద్దు గుంకేలోగా విత్తనాల మీద నెత్తురు చల్లాలి. అంతదాకా ఊళ్ళో ఎవరూ గింజ వెయ్యకూడదు.

ఈ ఏడు కొండెక్కింది ముసలి సోంబరు ఒక్కడే. అడవిలో ఏముందని, ఫారెస్టువాళ్ళతో గొడవెందుకని కుర్రాళ్ళు రామన్నారు. కాఫీ తోట పైదాకా విల్లు మోసుకెళ్ళి, నీడన కూర్చుని అంబలి తాగి, మోకాళ్ళు పట్టుకుని దిగి వచ్చాడు. నిన్న వాన పడింది. నేల మంచి పదునులో ఉంది. ఇవాళ గింజలకి నెత్తురు పడకపోతే ఆ పదును కాస్తా ఆరిపోతుంది.

ఊరిమొదట పనసచెట్టు కింద కుండ ఉంది, మనుషులు లేరు. ఆడవాళ్ళంతా తారురోడ్డుకి వెదురు అడ్డం కట్టి, టూరిస్టు కార్లని ఆపి పండగ మామూలు అడుగుతున్నారు. కుండ తనే ఎత్తి పోసుకోవచ్చు. కానీ తన మీద తాను పోసుకుంటే అది స్నానమే అవుతుంది. సోంబరు రాయి మీద కూలబడ్డాడు.

పొద్దు కొండ మీదికి దిగేసరికి అతని మరదలు కనక మేకల్ని తోలుకుంటూ వచ్చింది. ఆమెకీ నడుం వంగిపోయింది.

"ఏటి బావా, పులిని తెచ్చినావా, దున్ననా?"

"ఉడతైనా నేదు. పొయ్యవే బేగి."

కుండ ఆమెకి లేవలేదు. ఇంట్లోంచి సొరబుర్ర తెచ్చి ముంచింది. ఆమె చెయ్యి అందేలా అతను తల వంచాడు. ఒక బుర్రకి అతని గురిని తిట్టింది, ఇంకో బుర్రకి వంకర కాళ్ళని, మరో బుర్రకి అతణ్ణి కన్నవాళ్ళని. ఆపైన సొరబుర్ర మళ్ళీ ముంచి, పొయ్యకుండా ఆగింది.

"ఇంకేటి తిట్టమంటావు? అన్నీ అయిపోనాయి."

"నిరుటివే తిట్టు."

నవ్వకుండా నిరుటివే తిట్టి, కుండ అడుగంటా పోసింది.

నీళ్ళు కారుతుండగానే అతను ఊరి దేవుడైన శంకుదేవుడి రాయి దగ్గరికి నడిచాడు. ఊళ్ళోవాళ్ళు పెట్టిన సామల బుట్టలు, చోళ్ళ బుట్టలు వరసగా ఉన్నాయి, పక్కనే కోడి కట్టేసి ఉంది. కొండ నెత్తిన ఎండ ఇంకా ఉంది. కోడిని బుట్టల మీదికి వంచి కోశాడు. నెత్తురు గింజల మీద కన్నా మణికట్టు మీదే ఎక్కువ పడింది. సోంబరు ఆ మణికట్టుని ఒక్కో బుట్టలో పెట్టి, గింజలకి తుడుచుకుంటూ పోయాడు.