ఉప్పునీళ్ళ సవతి

"తెల్ల బకెట్టేనా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"తెల్ల బకెట్టే," అన్నాడతను, మగ్గు వంచి గాజుతొట్టెలోకి సన్నటి ధారగా నీళ్ళు పోస్తూ. అడిగినందుకు విసుక్కోలేదు. నెలరోజుల క్రితమైతే ఈ ఒక్క ప్రశ్నకే ఇంటికప్పు ఎగిరిపోయేది.

తొట్టె రెండడుగుల పొడవుంటుంది. ముందుగదిలో గోడవారగా ఇనప స్టాండు మీద ఉంది. అందులో ఉప్పునీళ్ళు, నాలుగు రాళ్ళు, పాచి తినే ఐదారు నత్తలు, నడిమి రాయి మీద ఒక అనిమోన్. చూసినవాళ్ళు సముద్రపు పువ్వనుకుంటారు గానీ అది పువ్వు కాదు, ప్రాణి. ఒంటికాలితో రాయిని కరుచుకుని ఉంటుంది. పైన వందకి పైగా లేత ఆకుపచ్చ వేళ్ళు, కొసల్లో చిన్నచిన్న బుడిపెలతో, నీళ్ళు కదిలినప్పుడల్లా ఊగుతుంటాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "చేపలేవండీ?" అని అడుగుతారు. "చేపలుంటే దీన్నెవరు చూస్తారండీ?" అంటాడు. భార్య మాత్రం దానికి సవతి అని పేరు పెట్టేసింది. "పదహారేళ్ళ కాపురం మీదీ దానిదీ. నాకెప్పుడైనా ఇంత కొలతగా నీళ్ళు తోడారా?" అని దెప్పుతుంటుంది.

కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీయడం అతని పని. ముప్పై రెండేళ్ళుగా అదే స్టూలు. ఎదురుగా గిర్రున తిరిగే రాయి, దాని మీద బొట్లుబొట్లుగా నీళ్ళు, చేతిలో అద్దం. వదులైతే అద్దం ఫ్రేములోంచి ఊడిపోతుంది, బిగువైతే పగులుతుంది. ఎవరు తొందరపెట్టినా "ఇంకో అరమిల్లీ తియ్యాలి" అంటాడు కాబట్టి దుకాణంలో అతని పేరే అరమిల్లీ అయిపోయింది. ఆ చుట్టుపక్కల జోళ్ళు పెట్టుకున్నవాళ్ళలో సగంమంది అతను అరగదీసిన అద్దాల్లోంచే చూస్తారు. వాళ్ళలో ఒక్కరికీ అతని మొహం తెలియదు.

ఇవాళ పొద్దున నాలుగు జతలు పూర్తిచేశాడు. ఒక్కో జత అవగానే యజమాని ఏదో వంక పెట్టుకుని లోపలికొచ్చాడు. ఒకసారి కత్తెర కోసం, ఒకసారి క్యాలెండరు చూడటానికి. కుడి అద్దం కుడివైపే ఉందో లేదో చూసుకుని వెళ్ళాడు. పాపం, దొంగచూపులు చేతకాని మనిషి. అతనికి మొదట నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు చెమర్చాయి. ముప్పై రెండేళ్ళలో అతని పని ఎవరూ సరిచూసి ఎరుగరు.

మధ్యాహ్నం యజమానే వచ్చి, "అరమిల్లీ, ఇంక కట్టిపెట్టు. ఆడపిల్లని అత్తారింటికి పంపే రోజు కూడా పనేమిటయ్యా?" అన్నాడు, అనిమోన్ సంగతి తెలిసి.

అతనిలో తేడా మొదట బయటపడింది దుకాణంలో కాదు, ఇంట్లోనే. తొట్టెలో నీళ్ళు రోజుకో మగ్గుడు ఆవిరైపోతాయి. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. అందుకని తగ్గినంత మేరా మంచినీళ్ళే పోయాలి. అవి తెల్ల బకెట్టులో ఉంటాయి. నీలం బకెట్టులో ఉండేవి ఉప్పు కలిపిన నీళ్ళు, పదిహేను రోజులకోసారి పాతవి తోడేసి మార్చడానికి. ఇది అతనికి రెండో ఎక్కంలాంటిది, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అలాంటిది పోయిన నెల అనిమోన్ వేళ్ళన్నీ ముడుచుకుని పిడికెడైపోయింది. ఉప్పు కొలిస్తే చాలా ఎక్కువుంది. భార్య మీద విరుచుకుపడ్డాడు.

"చేతులు ఊరుకోవా నీకు? నీలం దాంట్లోంచి పోశావు కదూ?"

ఆవిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "పొరపాటైపోయిందండీ. ఇంకెప్పుడూ ముట్టుకోను," అంది.

మర్నాడు పొద్దున నీలం బకెట్టులో మగ్గు ముంచి పైకి తీస్తుండగా అతనికి తెలిసొచ్చింది. పోస్తున్నది తనే. ఎన్నాళ్ళనుంచో! వెనక్కి తిరిగితే ఆవిడ గుమ్మంలో ఉంది.

"నీకు తెలుసా?"

"చూస్తూనే ఉన్నాను. అదేదో మీ లెక్క అనుకున్నాను."

"మరి నిన్న అన్ని మాటలెందుకు పడ్డావే?"

"పడితే ఒంటికేమైనా చిల్లులు పడ్డాయా?" అంది, అతని చేతిలోంచి మగ్గు తీసుకుంటూ.

మతిమరుపని చూపించుకుంటే డాక్టరు కాగితమిచ్చి గడియారం బొమ్మ గియ్యమన్నాడు. చుట్టూ గీత కంపాసుతో గీసినట్టు గుండ్రంగా వచ్చింది. అంకెలు మాత్రం అన్నీ ఒక పక్కనే పోగుపడ్డాయి. ఇంటికొచ్చాక అతను చాలాసేపు తొట్టె ముందు కూర్చుని, "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నాడు.

"నేను చూసుకుంటానుగా."

"నేను చూసుకోనివ్వనే. నువ్వు తెల్లదంటే నేను నీలం అంటాను. నిన్ను తిట్టి మరీ పోస్తాను. నేను దాన్ని చంపుకోలేను."



ఇవాళ నాలుగింటికి పళ్ళ డాక్టరమ్మ దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆవిడ క్లినిక్కులో రోగులు కూర్చునే గదిలో పెద్ద తొట్టె ఉంది. చూడటానికి అతను రెండుసార్లు వెళ్ళొచ్చాడు. పెళ్ళిచూపులకైనా ఇన్ని ప్రశ్నలు అడిగి ఉండడు. ఆవిడ మూతున్న డబ్బాతోపాటు పల్చటి ప్లాస్టిక్ రేకు కూడా తెచ్చింది.

"దీంతో అంచు లేపుదామా బాబాయిగారూ?"

"వద్దమ్మా. బలవంతపెడితే కాలు చిరుగుతుంది. చిరిగితే కుళ్ళిపోతుంది."

ఐసుముక్కల్ని చిన్న కవరులో కట్టి, చెయ్యి మోచేతిదాకా ముంచి, రాయి మీద దాని కాలి పక్కన పట్టుకున్నాడు. చల్లదనం తగిలితే అదే పట్టు వదులుతుంది. పది నిమిషాలు గడిచాయి. చలికి తన వేళ్ళు కొంకర్లు పోతున్నా చెయ్యి తియ్యలేదు. ఐసు కరిగితే భార్య ఇంకో కవరు అందించింది. ఓ అంచు లేచింది, సరిగ్గా అరమిల్లీ. మిగతాదంతా లేవడానికి ఇంకో పావుగంట పట్టింది. ఆ తర్వాత ఆ బరువంతా మెత్తగా, ఎక్కడా చిరగకుండా, అతని అరచేతిలోకి వచ్చింది.

డబ్బాలో పెట్టి, పైన తొట్టెనీళ్ళే పోసి మూత బిగించాడు. "మీరు మంచిచోటు అనుకున్నచోట అది ఉండదమ్మా. నాలుగు రోజులు తిరుగుతుంది, రాళ్ళ వెనక్కి పోతుంది. దానికి నచ్చినచోట అదే కూర్చుంటుంది. తిరగనివ్వండి," అన్నాడు.

"అలాగే బాబాయిగారూ."

గుమ్మం దగ్గర మళ్ళీ అదే చెప్పాడు. వీధిలో ఆవిడ కారు తలుపు తీస్తుంటే మూడోసారి చెప్పాడు. ఆవిడ మూడుసార్లూ మొదటిసారి విన్నట్టే తలూపింది. కారు మలుపు తిరిగేదాకా నిలబడి లోపలికొచ్చాడు. భార్య కాఫీ ఇచ్చింది. "బాగానే జరిగిందిలే," అన్నాడతను. పడకకుర్చీలో కళ్ళు మూసుకున్నాడు, నిద్రపట్టింది.

ఆవిడ కూర తరుగుతుండగా ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. తరుగుతున్నది వదిలేసి వచ్చేసరికి అతను తొట్టె ముందు వంగి ఉన్నాడు. పొడవాటి పటకారు కొసన అనిమోన్‌కి పెట్టే రొయ్యముక్క ఉంది. చెప్పాలని నోరు తెరిచింది.

"కనపడటం లేదే," అన్నాడతను, మొహం గాజుకి ఆనించి. "ఏ రాయి వెనక్కో పోయినట్టుంది. ఆకలైతే అదే వస్తుందిలే, ఏం?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వస్తుందిలెండి. అక్కడ పెట్టి రండి, అన్నం తిందాం."

అతను పటకారు జాగ్రత్తగా దించి, వదిలి, చెయ్యి తుడుచుకుని ఆవిడ వెనకే వెళ్ళాడు. గులాబిరంగు నాచు పట్టిన నడిమి రాయి మీద, పదహారేళ్ళుగా నాచు సోకని అరచేతివెడల్పు తెల్లటి గుండ్రటి మచ్చలో, సరిగ్గా మధ్యన, ఆ రొయ్యముక్క ఉంది.