అమ్మిన సరుకు

సూర్యప్రభ బ్యాగు సర్దుకుంటుంటే నేను ఆమె గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. రెండు చీరలు, దువ్వెన, మందుల డబ్బా, టైపు కాగితాల కట్ట. ఎవరైనా బ్యాగు సర్దుతుంటే వదిలి పోలేను. మా ఆయన మట్టయ్య నల్గొండ దగ్గరి మా పల్లె నుంచి భివండి మగ్గాల పనికి పోతూ ఇట్లాగే ఒక గుడ్డసంచీ సర్దుకున్నాడు. "పోయొస్త" అన్నాడు. ఆ తర్వాత నాకు అందింది ఆయన చావు కబురు తెచ్చిన ఒక టెలిగ్రాం. అది చదవడం రాక ఊరంతా తిరిగాను. చదువు నేర్చుకున్నది ఆ తర్వాతే, కిరాణా పొట్లాల మీద, బస్సుల బోర్డుల మీద, ఒక్కదాన్నే కూడబలుక్కుని.

సూర్యప్రభ ఎల్బీనగర్‌లో మా ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేది. కాకినాడ వైపు మనిషి. ఇక్కడి కోర్టుల దగ్గర ఒక చిన్న షాపులో టైపు చేసేది. వస్తువు కొని మోసపోయినవాళ్ళు వినియోగదారుల ఫోరంలో వేసే ఫిర్యాదులు ఎన్నో ఆమె చేతి మీదుగా పోయాయి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక వకీళ్ళు కోర్టులకు పోవడం మానేశారు, ఆమెకు పని లేకుండా పోయింది. భర్త బాపిరాజు వారం ముందే ఊరికి వెళ్ళాడు. ఆమె ఆ సాయంత్రం చౌరస్తాలో ప్రైవేటు బస్సెక్కాలి. దసరా అయ్యాక వచ్చేస్తామని చెప్పింది.

నా చేతిలో ఒక రసీదు ఉంది. చూపించడానికి తేలేదు. రెండు రోజులుగా దాన్ని చేతిలోంచి వదలలేకపోతున్నాను, అంతే.

"ఏంటి మామ్మగారూ అది?" అంది సూర్యప్రభ.

చెప్పాను. మా కోడలు అరుణజ్యోతి చీటీ ఎత్తి, దిల్‌సుఖ్‌నగర్‌లో కుట్టుమిషన్ల దుకాణంలో పికో మిషనుకు శ్రావణంలోనే మొత్తం పైకం కట్టింది. పదిహేను రోజుల్లో వస్తుందన్నాడు దుకాణం రామస్వామి. నెల దాటింది. నా కొడుకు శ్రీనివాస్ హయత్‌నగర్ డిపోలో కండక్టర్, వాడు సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు. బతుకమ్మ రేపో మాపో. చీరలకు పికో, ఫాల్ కుట్టే రోజులు ఏడాదిలో ఇవే. మిషను లేకపోతే ఆ నెల పొయ్యి ఎట్లా వెలగాలో మాకు తెలియదు. జ్యోతి రెండుసార్లు నడిచి వెళ్ళి అడిగింది. "ఒస్తది" అన్నాడట. పైకం వాపసు అడిగితే రసీదు కింద అచ్చేసిన వాక్యం చూపించాడట.

ఆ వాక్యం నేనే చదివాను. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు." చదివి ఊరుకున్నాను. అచ్చులో ఉన్న మాటకు తిరుగులేదని నా నమ్మకం. అచ్చు వేయించడానికి ఖర్చవుతుంది, అబద్ధానికి ఎవడు ఖర్చు పెడతాడు అనుకునేదాన్ని.

సూర్యప్రభ రసీదు తీసుకుని చదివింది. బ్యాగును అట్లాగే నోరు తెరిచి మంచం మీద వదిలేసి చెప్పులు వేసుకుంది. బస్సు తప్పిపోతుందన్నాను. సాయంత్రం కదండీ, అంది. జ్యోతి వద్దంది, నేనూ వద్దన్నాను. ఈ రోజుల్లో ఆంధ్రా మాట మాట్లాడే మనిషి మాకోసం బజారులో గొడవకు పోతే ఎవరేమంటారోనని నా భయం. ఆమె అప్పటికే గేటు దగ్గర ఉంది.

బస్సులు బందై నాలుగో రోజు. ఆటోలు కూడా లేవు. ముగ్గురం నడిచాం. కొత్తపేట పండ్ల మార్కెట్ దాటేసరికి నాకు ఆయాసం. సూర్యప్రభ నా చెయ్యి పట్టుకుని, నా అడుగుకు తన అడుగు తగ్గించుకుంది. చైతన్యపురి దగ్గర సమ్మెకు మద్దతుగా రోడ్డు మీద వంటావార్పు జరుగుతుంటే ముగ్గురికీ ఆకుల్లో పులిహోర పెట్టారు. ఆమె ఊరేదని ఎవరూ అడగలేదు.

దుకాణంలో రామస్వామి మమ్మల్ని చూసి ముందే అలసిపోయినట్టు ముఖం పెట్టాడు. చెడ్డవాడేం కాదు, నాకు కుర్చీ వేయించాడు. బండ్లు రావడం లేదు, తానేం చేయగలడు అన్నాడు. కావాలంటే అదే ధరకు మామూలు మిషను, దానిమీద ఒక ఫ్యాను తీసుకుపొమ్మన్నాడు. జ్యోతి తల ఊపబోయింది. అడిగి అడిగి ఇబ్బందిపడ్డ మనిషి ఏదిచ్చినా తల ఊపుతుంది.

సూర్యప్రభ గొంతు పెంచలేదు. సమ్మె ఆయన తప్పు కాదని ముందు తనే అంది. అది విని ఆయన కొంచెం కుదుటపడ్డాడు. తర్వాత అంది: "కానీ వస్తువు ఇవ్వలేనప్పుడు ఆగాలా, డబ్బు తీసుకోవాలా, ఇంకోటి తీసుకోవాలా అన్నది కొన్నవాళ్ళు చెప్పాలండి. మీరు చెప్పకూడదు."

"ఇగో, ఆంధ్ర నుంచొచ్చి మాకు కానూన్లు చెప్పబట్టిరి," అన్నాడు రామస్వామి, పక్కనున్న గిరాకీల వైపు చూసి. ఇద్దరు నవ్వారు.

"నేను ఆంధ్రా దాన్నేనండి. డబ్బు కట్టింది మీ తెలంగాణ ఆడపడుచు. నా మాట వద్దులెండి, మీ రసీదు మాటే చూద్దాం." రసీదు నాకు అందించింది. "మామ్మగారూ, ఆ కింది వాక్యం చదవండి."

"అవ్వకు సదువొస్తదా?" అన్నాడు ఆయన.

నేను వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. ఒకసారి. అమ్మిన. అక్కడ సూర్యప్రభ నా వేలు మీద తన వేలు పెట్టి ఆపింది. నేను ఆ మాటను మళ్ళీ చూశాను. ఇంట్లో పదిసార్లు చదివిన మాటే. చదవడం వేరు, చూడడం వేరని అరవై ఏడేళ్ళకు తెలిసింది.

"అమ్మిన సరుకు అని రాసినవు గద కొడుకా," అన్నాను. "మా ఇంట్ల లేదు. నీ దుకాణంల లేదు. మరి అమ్మినవన్న సరుకు ఏడున్నది?"

ఇందాక నవ్విన ఇద్దరే ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. రామస్వామి రసీదు తీసుకుని తన వాక్యం తానే చదువుకున్నాడు. ఆయనా నవ్వాడు, తల గోక్కుంటూ. "గట్ల పట్టుకున్నవా అవ్వా," అన్నాడు. "ఒస్తదంటున్న గద."

"వస్తుందన్న మాట పక్కన తేదీ రాయండి," అంది సూర్యప్రభ.

ఏం కావాలో చెప్పమని జ్యోతిని అడిగింది. నేను నోరు తెరిస్తే చేత్తో వారించింది. పండుగ మొదటి రోజుకు ఇంకా ఎన్నాళ్ళుందో జ్యోతి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆమె తరఫున ఒక్క మాట కూడా అనకుండా సూర్యప్రభ అట్లాగే నిలబడింది. అంత దూరం నడిచి, అంత వాదించి, అసలు చోట నోరు మూసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేనైతే ఉండలేను.

"ఎంగిలిపూల బతుకమ్మ దాక చూస్త," అంది జ్యోతి చివరికి. "ఆ దినం మిషన్ రాకుంటె పైసలు మొత్తం ఇయ్యాలె. ఫ్యాను నాకొద్దు."

రామస్వామి రసీదు వెనక అదే రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, ముద్ర కూడా కొట్టాడు. మాకు సోడాలు తెప్పించాడు.

ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. సూర్యప్రభ బ్యాగు సర్దడం పూర్తి చేసింది. జ్యోతి సద్ది కట్టిచ్చింది. నేను చౌరస్తా దాకా వెళ్ళాను. "వెళ్ళొస్తానండి, దసరా అయ్యాక," అంటూ బస్సెక్కింది. వస్తానన్న మాట పక్కన తేదీ రాయించుకోవాలని అప్పుడు నాకు తోచలేదు. తోచినా అడిగేదాన్ని కాదు.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు మిషను రాలేదు. మధ్యాహ్నానికి రామస్వామే స్కూటరు మీద వచ్చి, అడగకుండానే పైకం అంతా జ్యోతి చేతిలో పెట్టిపోయాడు. ఆ పైకంతో ఆమె వనస్థలిపురంలో ఒక టైలర్ దగ్గర వాడిన పికో మిషను కొన్నది. పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా ఆ మిషను ఆగలేదు. మా పొయ్యీ ఆగలేదు.

కార్తీకంలో బాపిరాజు ఒక్కడే ట్రాలీ తెచ్చి గది ఖాళీ చేశాడు. అక్కడి కోర్టు దగ్గర సూర్యప్రభకు పని దొరికిందట. నేను రసీదులో అక్షరాలు కూడబలుక్కుని చదివిన సంగతి అక్కడ అందరికీ చెబుతోందట.

సూర్యప్రభ 2011 సెప్టెంబరు 22, గురువారం సాయంత్రం వెళ్ళింది. మళ్ళీ రాలేదు.