ఖాళీ గుప్పిట

ఆదివారం వచ్చిందంటే గంగాదేవికి ఒళ్ళు మండేది. గుడివాడ నుంచి మరిది నరేంద్ర, తోడికోడలు సుచిత్ర బందరు వచ్చేది ఆ రోజే. పేరుకి పీతల కోసం. సుచిత్ర చెప్పులు విప్పీ విప్పకముందే పంజరం తలుపు తీసేది. బంగారి తుర్రున వెళ్ళి ఆమె భుజమెక్కేది.

బంగారి పసుపు రంగు విదేశీ చిలక. రామచిలకని పెంచితే కేసవుతుందని ఎవరో బెదిరిస్తే, గంగాదేవి మొగుడు బాబూరావు దీన్ని తెచ్చాడు. తెచ్చింది ఆయన, చాకిరీ ఈవిడది. పొద్దున్నే పంజరం అడుగున కాగితం మార్చాలి. రెండు పూటలా నీళ్ళ గిన్నె కడగాలి. ఆపిల్ పెడితే గింజలు ఏరెయ్యాలి, అవి విషమట. ఉప్పూ నూనే తగలనివ్వకూడదు. అది బయట ఎగురుతుంటే ఎంత ఉక్కపోసినా ఫ్యాను వెయ్యకూడదు. ఇన్ని చేసినా గంగాదేవి చెయ్యి కనిపిస్తే చాలు, బంగారి మూలకి నక్కి కీచుమని అరిచేది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు ముద్దులన్నీ సుచిత్రవి.

"ఏం పెట్టి మరిగించావే దీన్ని?" అని ఒకసారి అడిగేసింది.

"నేనేం పెట్టానక్కా! ఊరికే కూర్చుంటాను," అని నవ్వింది సుచిత్ర.

ఊరికే కూర్చుంటే వాలడానికి అదేమన్నా ఈగా? గంగాదేవి నమ్మలేదు. ఆ పూటే వంటింటి గుమ్మంలోంచి కనిపెట్టి చూసింది. సుచిత్ర పంజరం పక్కన కుర్చీ వేసుకుని, గుప్పిట మూసి ఒళ్ళో పెట్టుకుంది. బంగారి దిగివచ్చి ఆ గుప్పిటని ముక్కుతో పొడుస్తోంది. దొరికింది దొంగ! పొద్దుతిరుగుడు గింజలు కాక అందులో ఇంకేముంటాయి? కొవ్వు పడుతుంది, రోజుకి నాలుగు మించొద్దని పశువుల డాక్టరు మరీమరీ చెప్పిన గింజలు. మాట విన్నందుకు తను చెడ్డదైంది, చాటుగా మేపి ఈవిడ మంచిదైంది. ఆ కడుపుమంటలో పీతల పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది.

సోమవారం కిలో గింజలు తెప్పించింది. గుప్పెడు తీసుకుని పంజరంలో చెయ్యి పెట్టింది. మూడో రోజుకి బంగారి ముక్కు చాచింది. వారం తిరిగేసరికి చేతిమీదికెక్కింది. ఆ చిన్న గోళ్ళు మణికట్టుమీద గుచ్చుకుంటుంటే గంగాదేవికి కళ్ళనీళ్ళు తిరిగాయి. జామపండు, తోటకూర ముట్టడం మానేసినా పట్టించుకోలేదు. ఆదివారాలు మాత్రం "నిద్రపోతోందమ్మా" అంటూ పంజరం మీద దుప్పటి కప్పేసేది.

నెల తిరిగాక ఒక ఆదివారం సుచిత్ర ఆగలేక దుప్పటి తీసింది. బంగారి పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని రొప్పుతోంది. తోడికోడళ్ళిద్దరూ దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఆటోలో డాక్టరు ఇంటికి పరిగెత్తారు.

"లివర్ దెబ్బతిందండీ. ఇన్నేసి గింజలు ఎవరు మేపారు?" అన్నాడు డాక్టరు.

గంగాదేవి వేలు తోడికోడలి వైపు లేచింది. "ఈవిడేనండీ మొదలెట్టింది. గుప్పిట్లో దాచి పెడుతుంటే నా కళ్ళతో చూశాను."

సుచిత్ర తెల్లబోయింది. "గుప్పిట్లో ఏముందక్కా? ఖాళీ చెయ్యి. వేళ్ళు చూస్తే బెదురుతుందని మూసుకుని కూర్చునేదాన్ని. అదే వచ్చేది."

"అది నిజమేనండీ," అన్నాడు డాక్టరు. "పైనుంచి చెయ్యొస్తే గద్దనుకుంటాయివి."

కాగితాలకనీ గిన్నెలకనీ రోజుకి పదిసార్లు పైనుంచి దూరిన చెయ్యి గంగాదేవిదే. సిగ్గుతో ఆవిడ తల వాలిపోయింది. "కిలో గింజలూ నేనే పెట్టానండీ," అంది.

డాక్టరు మందు సీసా ఇచ్చాడు. "పది రోజులు రెండు పూటలా తువ్వాలులో చుట్టి చుక్కలు వెయ్యాలి. వేసినవాళ్ళంటే మాత్రం దానికి గిట్టదు. మళ్ళీ దగ్గరికి రావడం కష్టం."

"నేను గుడివాడ తీసుకెళ్ళి వేస్తానక్కా," అంది సుచిత్ర.

గంగాదేవికి ప్రాణం లేచొచ్చింది. పది రోజులు చాలు, ఆ భుజమూ ఆ ముద్దులూ వదిలిపోతాయి. సీసా ఇవ్వబోయింది కూడా. అంతలో తువ్వాలులోంచి బంగారి తల కాస్త ఎత్తి సుచిత్ర వైపు చూసింది. ఈ ఒక్క మనిషీ చేదైపోతే దానికి వాలడానికి ఇంకెవరున్నారు?

"వద్దులే. గింజలు మానేస్తే నేనంటే ఎలాగూ గిట్టదు, నేనే వేస్తాను," అని సీసా కొంగున కట్టుకుంది.

పది రోజులూ బంగారి కరుస్తూనే ఉంది. బొటనవేలికి కట్టు కట్టాల్సి వచ్చింది. రెండో ఆదివారానికి చిలక కోలుకుంది. సుచిత్ర రాగానే రెక్కలు విదిలించి తలుపు దగ్గరికి ఉరికింది. చూస్తూ కూర్చున్న గంగాదేవి కడుపు మళ్ళీ భగ్గుమంది.

"ఆగవే, తలుపు తియ్యకు," అని అరిచింది. కట్టు కట్టిన వేలితోనే వెళ్ళి ఫ్యాను ఆపింది. ఫ్యాను రెక్కలు పూర్తిగా ఆగేదాకా చూసి, "ఇప్పుడు తియ్యి," అంది.