చలికాలానికి బొట్టు

మా మామ మద్దిలేటి గద్వాలలో పేరున్న నేతగాడు. మగ్గం ఎక్కితే పులి, దిగితే పిల్లి.

ఎనభై ఆరులో హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరు వచ్చి అచ్చేసిన బొమ్మ ఒకటి ఇచ్చిపోయాడు. ఫ్రాన్సులో ఎవరో నూరేళ్ల కిందట వేసిందట. పాతకాలపు రోము దేశంలో నాలుగు కాలాలు, నలుగురు ఆడవాళ్లుగా. పూలబుట్టతో ఒకతె, గోధుమ మోపుతో ఒకతె, ద్రాక్ష గుత్తులతో ఒకతె. నాలుగో ఆమె చలికాలం. నెత్తిన ముసుగు, బోసి చేతులు, ముందర కుంపటి. ఆ నలుగురినీ చీర కొంగు మీద నేయాలి, ఢిల్లీ ప్రదర్శనకు.

మామకు దారం కండెలు చుట్టేదాన్ని నేనే. మా పెళ్లయిన రెండేళ్లకే ఆయన కొడుకు, నా మొగుడు, చనిపోయాడు. నాకు ఇరవై మూడు. ఆ ఏడే వనపర్తి వెంకట్రాములు, భార్య పోయిన మనిషి, నన్ను చేసుకుంటానని కబురు పెట్టాడు. దసరా దాకా చూస్తానన్నాడు. నాకు వెళ్లాలని ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ప్రాణం పోయేటంత ఉంది. మామది ఒకటే మాట, "మన ఇండ్లల్ల గట్ల లేదు" అని. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ముగ్గురు పూర్తయ్యారు. నాలుగో ఆమె దగ్గర మామ చేయి ఆగింది.

"గీమె ముండమోసినట్టుంది బిడ్డా. పెండ్లిచీరలు నేసే మగ్గం మీద గిట్లాంటి మనిషిని ఎట్ల నేస్త?"

నేయడమైతే నేశాడు. కానీ నుదుట ఎర్ర పట్టుతో బొట్టు, చేతులకు గాజులు, తల్లో పూలు పెట్టాడు.

నేను కండె కింద పెట్టి ఆయన ఎదుట నిలబడ్డాను.

"దారం మనిషికి బొట్టు వెట్టినవ్ మామా. నన్నెందుకు వెట్టుకోనియ్యవు? దసరా ఇంక తొమ్మిది దినాలే. నీ కాల్మొక్త, వనపర్తికి ఒక్క మాట పంపు."

మామ కళ్లు తడిశాయి. "చూద్దాం తియ్" అన్నాడు. ఆ మాటకే రెండు రోజులు కడుపునిండా తిన్నాను, పిచ్చిదాన్ని.

మూడో రోజు ఆఫీసరు వచ్చి, నేసిన కొంగు విప్పించి చూశాడు. "చలికాలానికి బొట్టేంటయ్యా? బొమ్మలో ఉన్నట్టు చేసివ్వు" అన్నాడు.

మామ సూది తీసుకొని బొట్టు పోగులు ఒక్కొక్కటే లాగాడు. తర్వాత గాజులు, పూలు. పైనుంచి వేసిన పోగులు కదా, సులువుగానే వచ్చాయి.

"మామా, వనపర్తికి..."

తలెత్తలేదు. "విన్నవ్ గద బిడ్డా. ఉన్నది ఉన్నట్టే ఉండాలంట."

లాగిన ఎర్ర పోగులు నా దోసిట్లో పోసి, బయట పారేసి రమ్మన్నాడు.